కార్నర్‌లో కూర్మారావు మాస్టారు

పెట్రోలియం జెల్లీ డబ్బా మూత తీస్తే పెద్దగా వాసనేమీ రాదని అందరూ అంటారు. నాకు వస్తుంది. మొన్న డిసెంబరులో టెక్కలిలో మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో తోటి లెక్చరర్ ఒకావిడ పగిలిన పెదవులకి రాసుకుని, డబ్బా నా ముందుకి జరిపింది. వేలితో కాస్త తీసుకున్నాను. నా చెయ్యి పెదవుల దగ్గరికి కాకుండా కనుబొమల మీదికి పోయింది. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వి సర్దుకున్నాను. డబ్బుకి ఆడే పోటీల్లో, బౌట్‌కి ముందు బాక్సర్ల కనుబొమలకీ చెంప ఎముకలకీ ఆ జెల్లీ దట్టంగా పూస్తారు. గ్లవ్ తగిలినా జారిపోవాలని, చర్మం చిట్లకూడదని. నాకు అలా పూసినది జీవితంలో ఒకే ఒక్కసారి. పూసినాయన పేరు కూర్మారావు. ఆయన బొటనవేలు గరుకుగా ఉండేది, ఒత్తిడి మాత్రం మెత్తగా ఉండేది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ కాలేజీలో ఆయన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

కూర్మారావు మాస్టారిది వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రం ఒడ్డునున్న పల్లె. వేటకి వెళ్ళే కుటుంబం. పద్దెనిమిదేళ్ళకి సైన్యంలో చేరాడు. అక్కడే గ్లవ్స్ తొడిగారు. తేలిక బరువుల్లో దేశం మొత్తం మీద మొదటివాడై, ఎనభైల్లో ఒకసారి ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. మొదటి బౌట్ గెలిచి రెండోది ఓడిపోయాడు. వాళ్ళమ్మ ఊళ్ళో అందరికీ "మావోడు ఒలింపిక్కు ఎల్లొచ్చినాడు" అని చెప్పేదట, బరంపురమో కలకత్తానో వెళ్ళొచ్చినట్టు. తర్వాత పెన్షన్ రాకముందే సైన్యం వదిలేసి, పోటీలు పెట్టి టిక్కెట్లమ్మే ఒక ప్రమోటరు వెంట విదేశాలకి పోయి, డబ్బుకి ఆడే ప్రొఫెషనల్ అయ్యాడు. పదకొండు బౌట్లు ఆడాడు. మొదటి నాలుగూ గెలిచాడు. తర్వాత ఏడూ ఓడాడు. ఎడమ కంటి వెనక పొర ఊడిపోయి, ఆ కన్ను పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. ఇంత క్లుప్తంగా నేను చెప్పడం లేదు, ఆయనే ఇలా చెప్పేవాడు. నేను ఆయన్ని చూసేనాటికి కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కర్మాగారానికి వాచ్‌మన్.

అది తొంభైల చివర. నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ తప్పి అదే కర్మాగారంలో పప్పు గ్రేడింగుకి వెళ్ళేదాన్ని. మా అమ్మ అక్కడే గింజలు కొట్టేది, జీడి రసం తగిలి ఆమె వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఒక మధ్యాహ్నం కుళాయి దగ్గర వంతు కోసం గొడవైంది. లారీకి బస్తాలెత్తే ఒకడు నా జడ పట్టుకుని వెనక్కి లాగాడు. తిరిగి ఒక్కటిచ్చాను. వాడు బిందెల మీద పడ్డాడు. అందరూ కేకలు వేస్తుంటే వాచ్‌మన్ నింపాదిగా నడిచి వచ్చాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన నా మొహం వైపు చూడనేలేదు, కాళ్ళ వైపు చూస్తున్నాడు.

"సెయ్యి బాగున్నాది గానీ, కాళ్ళేటి అలగ కలిసిపోనాయి? ఆడు తిరిగి ఒక్కటిచ్చుంటే నువ్వు పడిపోదువు గదా" అన్నాడు.

మర్నాటి నుంచి షిఫ్టు అయ్యాక గింజలు ఆరబోసే కళ్ళంలో నాకు కాళ్ళు ఎలా పెట్టాలో నేర్పడం మొదలుపెట్టాడు. మొదటి మూడు నెలలూ చెయ్యి ఎత్తనివ్వలేదు. ముందుకి, వెనక్కి, పక్కకి, అంతే. పాత వలని రెండు మూడు మడతలు వేసి కుట్టి, అందులో ఇసక, గోనె పీలికలు కూరి దూలానికి వేలాడదీశాడు. అదే మా పంచింగ్ బ్యాగ్. ఆదివారాలు సముద్రం ఒడ్డున పరిగెత్తించేవాడు. తను పడవ అంచు మీద కూర్చుని, బాగున్న కన్ను నా వైపు ఉండేలా మెడ పక్కకి తిప్పి చూసేవాడు. అలా తిప్పడం వల్ల ఆయన ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టు కనిపించేవాడు. ఆడపిల్లకి గుద్దులేమిటని మా వీధిలో నవ్వారు. మా అమ్మ మాత్రం నన్ను ఆపలేదు. "ఆ మాస్టారు దాని కాళ్ళే సూత్తాడు, మొకం సూడడు, నాకు బయం నేదు" అందట పక్కింటావిడతో.

ఆడవాళ్ళ బాక్సింగ్ మన దేశంలో అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తోంది. పోటీకి వచ్చేవాళ్ళే తక్కువ. రెండేళ్ళలో నేను రాష్ట్రపోటీల దాకా వెళ్ళాను. మొదటి పోటీ రోజున మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చిన్న బకెట్టు, నీళ్ళ సీసా పట్టుకుని, రింగు మూలన నా కార్నర్‌లో నిలబడడానికి నాతో రింగు దాకా నడిచాడు. ఒక అధికారి అడ్డం వచ్చాడు. ఆయన మాస్టారిని గుర్తుపట్టాడు, చెయ్యి కూడా కలిపాడు. తర్వాత ఇబ్బందిగా, "మీరు డబ్బు తీసుకుని ఆడారు కదండీ. అమెచ్యూర్ పోటీల్లో మీరు కార్నర్‌లో నిలబడకూడదు. రూలు" అన్నాడు. మాస్టారు తలూపి బకెట్టు ఎవరో కుర్ర కోచ్ చేతికిచ్చాడు. నాతో, "గాలరీ కేసి సూడకు. నాను అక్కడుంటాను గానీ నువ్వు సూడకు" అని చెప్పి మెట్లెక్కిపోయాడు. నేను చూశాను. అంత జనంలో ఆయన మెడ ఒక్కటే పక్కకి తిరిగి ఉంది. ఆ తర్వాత మూడేళ్ళు, జాతీయ పోటీల్లో వెండి పతకం వచ్చిన రోజుతో సహా, ఆయన అలాగే పైనుంచి చూశాడు. నా కార్నర్‌లో ఎప్పుడూ వేరేవాళ్ళే.

ఆయన విదేశాల సంగతులు అడిగితే చెప్పేవాడు, అడక్కపోతే చెప్పేవాడు కాదు. ఒలింపిక్స్‌కీ ప్రొఫెషనల్‌కీ తేడా ఏమిటని ఒకసారి అడిగాను. "ఒలింపిక్సులో దెబ్బ తగిలితే సాలు, పాయింటు. అక్కడ తగిలితే సాలదు, మనిసి పడాల. మూడు రౌండ్ల కోసం కట్టుకున్న ఒళ్ళు పది రౌండ్లకి ఎలగొత్తాది? గ్లవ్ సిన్నది, తలకి టోపీ నేదు, ఒంటి మీద బనీను నేదు" అన్నాడు. తనతో కలిసి ప్రాక్టీసు చేసిన ఒలింపిక్ బాక్సర్లు చాలామందే ఉన్నారు. బంగారు పతకం తెచ్చుకున్న ఒకడు నిజంగానే పెద్ద చాంపియన్ అయ్యాడు. వాడికి వంటవాడు వేరు, డాక్టరు వేరు, ఎవరితో ఆడాలో ఎంచి పెట్టేవాడు వేరు. కంచు పతకం ఉన్న ఒక ఆఫ్రికా అతను మాత్రం నాలుగేళ్ళకే ఇతరుల ప్రాక్టీసుకి దెబ్బలు తినే ఉద్యోగంలో కుదిరాడు. "పతకం ఉన్నోడికి మొదట్లో ఎదర మెత్తటోళ్ళని నిలబెడతారు, పేరు పెరగాల గదా. నాలాగ పతకం లేకుండా ఒలింపిక్స్ ఆడినోడు ఉన్నాడనుకో, ఆణ్ణి ఆ మెత్తటోడి జాగాలో నిలబెడతారు. పోస్టరు మీద ఒలింపియన్ అనే రాత్తారు. ఆ మాట నాకోసం కాదు. నన్ను కొట్టినోడి కోసం." ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ ఉందేమోనని వెతికాను. నాకు దొరకలేదు. వలలు బాగుచేసుకునేవాళ్ళు ఏ తాడు ఎక్కడ తెగిందో చెప్పుకునే తీరులో చెప్పాడు.

నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి విసుగొచ్చింది. రెండుసార్లు జాతీయ శిబిరానికి పిలిచారు, రెండుసార్లూ జట్టులో నా పేరు రాలేదు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తు ఏ బల్ల మీద ఉందో తెలియదు. అప్పుడు కలకత్తా నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. అక్కడ ప్రొఫెషనల్ బౌట్లు పెడుతున్నారు, థాయిలాండ్ అమ్మాయితో ఆరు రౌండ్లు ఆడాలి, గెలిస్తే బ్యాంకాక్‌లో మరో రెండు. ఒకసారి ఆడితే అమెచ్యూర్ పోటీలకి పనికిరాననీ, ఉద్యోగం దరఖాస్తు కూడా చిత్తుకాగితమవుతుందనీ నాకు తెలుసు. తెలిసే ఒప్పుకోవాలనుకున్నాను. మాస్టారికి చెప్పాను. వద్దంటాడనుకున్నాను. ఆయన మాత్రం, "రేపు మద్దాన్నం కాశీబుగ్గలో ఆ వీడియో క్యాసెట్ల కొట్టు దగ్గరికి రా" అన్నాడు.

కొట్టు యజమాని మమ్మల్ని లోపల కూర్చోబెట్టి భోజనానికి వెళ్ళాడు. మాస్టారు సంచిలోంచి ఒక క్యాసెట్ తీసి పెట్టాడు. ఆయన ఎనిమిదో బౌట్. గీతలు గీతలుగా ఉన్న తెర మీద నా కళ్ళ ముందు ఒక సన్నటి, వేగమైన మనిషి కదిలాడు. ఈయనే అని నమ్మడానికి టైం పట్టింది. మొదటి మూడు రౌండ్లూ అందంగా ఆడాడు. నాలుగో రౌండ్లో మాస్టారు లేచి తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టాడు.

"ఇక్కడ సూడు. నా ఎడం సెయ్యి కిందికి దిగిపోనాది. నాకు తెల్దు అది దిగిందని."

తర్వాత పడిన దెబ్బలు నేను లెక్కపెట్టలేదు. ఒక రౌండు, ఇంకో రౌండు, ఇంకోటి. గంట మోగినప్పుడల్లా ఆయన వెళ్ళి స్టూలు మీద కూర్చుంటున్నాడు. తెల్ల టీషర్టు వేసుకున్న ఒక లావుపాటి మనిషి మొహం తుడిచి, మళ్ళీ లేపి పంపుతున్నాడు.

"ఎందుకు ఆపనేదు?" అన్నాను.

"నానెలగ ఆపుతాను? నోపలున్నోడికి తెల్దు. ఆపాల్సినోడు ఆడు" అని తెల్ల టీషర్టు మీద వేలు పెట్టాడు. "ఆడు నా మనిసి కాదు. ప్రమోటరు పెట్టిన మనిసి. పది రౌండ్లకి టిక్కెట్లు కొన్నారు, పది రౌండ్లూ సూపించాల. ఆ రాత్రికి నా పక్కన నావోడు ఒక్కడూ నేడు."

క్యాసెట్ ఆగాక ఆయన దాన్ని సంచిలో పెట్టుకున్నాడు. "ఎల్లొద్దని నాను అనను. నన్నొద్దన్నోళ్ళ మాట నాను యిన్నానేటి? ఎల్లు. కానీ నీ కార్నర్‌లో నానుంటాను. ఆళ్ళ మనిసి కాదు. దానికి ఒప్పుకుంటే ఎల్లు."

ఏజెంటు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒలింపియన్ శిష్యురాలు అని పోస్టరు మీద వేసుకోవచ్చు కదా. ఆ మాట మళ్ళీ పోస్టరెక్కింది.

కలకత్తాలో ఒక ఇండోర్ హాల్లో, సాయంత్రం, ఆయన నా చేతులకి గుడ్డ చుట్టాడు, మొహానికి జెల్లీ పూశాడు, నాతో నడిచి వచ్చి తాళ్ళు పైకెత్తి పట్టుకున్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. ఇన్నేళ్ళకి ఆయన నా వెనక నిలబడ్డాడు. మొదటి రెండు రౌండ్లూ నావే. నేనొక్కదాన్నే అనడం లేదు, తర్వాత చూసిన జడ్జీల మార్కుల కాగితం మీదా అలాగే ఉంది. మూడో రౌండ్లో ఆ అమ్మాయి కుడి గుద్దు నా ఎడమ కంటి మీద పడింది. పెద్ద దెబ్బనిపించలేదు. కానీ ఆ పక్కంతా మసకైపోయింది. గంట మోగాక స్టూలు మీద కూర్చున్నాను. మాస్టారు నా కుడి కన్ను అరచేత్తో మూశాడు.

"నా సేతిలో ఏటున్నాది?"

మసకలో ఏదో ఉన్నట్టు, లేనట్టు ఉంది. "నీళ్ళ సీసా" అన్నాను.

ఆయన చెయ్యి తీశాడు. అప్పుడు చూస్తే సీసా కింద బకెట్టు పక్కనుంది. ఆయన చెయ్యి ఖాళీ.

నాలుగో రౌండు గంట మోగింది. నేను లేచి నాలుగడుగులు వేశానో లేదో, నా పక్కనుంచి ఒక తువ్వాలు ఎగిరి రింగు మధ్యలో పడింది. కార్నర్ నుంచి తువ్వాలు పడితే ఓటమి ఒప్పుకున్నట్టే. రిఫరీ చేతులు ఊపి బౌట్ ఆపేశాడు. థాయిలాండ్ అమ్మాయికి తను గెలిచిందని అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. నేను తువ్వాలు తీసి మాస్టారి మొహాన కొట్టాను. హాలంతా చూస్తుండగానే. ఆయన దాన్ని మడత పెట్టి భుజాన వేసుకుని, నా గ్లవ్స్ విప్పడానికి చేతులు చాచాడు. నేను ఇవ్వలేదు.

ఏజెంటు మర్నాడు నాకు బ్యాంకాక్ లేదని చెప్పేశాడు. నేనూ, మాస్టారూ ఒకే బోగీలో చెరో చివర కూర్చుని పలాస దాకా వచ్చాం. ప్లాట్‌ఫారం మీద ఆయన దగ్గరికొచ్చి, "రేపు కంటి డాక్టరుకి సూపిద్దాం" అన్నాడు. "నువ్వు ఓడిపోనావని నన్నూ ఓడించేసినావు. మా ఇంటికి మరి రాకు" అన్నాను. ఆయన తలూపాడు, ఆ రోజు బకెట్టు ఇచ్చేసినప్పుడు ఊపినట్టే.

డాక్టరు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళాను, శ్రీకాకుళం. కంట్లో మందు వేసి, లైటు వేసి, చాలాసేపు చూశాడు. "వాపు వల్ల మసకేసింది, అంతే. లోపల అంతా చక్కగా ఉంది" అన్నాడు. పది రోజుల్లో కన్ను మామూలైంది. ఈ మాట విని నాకు సంతోషం కలగాలి. కోపం రెట్టింపయింది. రెండు రౌండ్లు గెలిచి ఉన్నదాన్ని, ఏమీ కాని వాపు కోసం ఆయన నా ఆట, బ్యాంకాక్ అవకాశం, రెండూ ముగించేశాడు. మా అమ్మతో అలాగే అన్నాను. నాలుగేళ్ళు ఆయన మొహం చూడలేదు. ఇంటర్ మళ్ళీ రాసి, డిగ్రీ చేసి, వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సుకి సీటు తెచ్చుకున్నాను.

ఒక పొద్దున పలాస స్టేషన్లో విశాఖ వెళ్ళే పాసింజరు కోసం నిలబడితే, మాస్టారి భార్య తులసమ్మ ఒక బల్ల దగ్గర కనిపించింది. ఒళ్ళో టిఫిన్ క్యారియరు, పక్కన దుప్పటి కప్పుకుని ఒక మనిషి. మెడ పక్కకి తిరిగి ఉండబట్టి గుర్తుపట్టాను. మా ఉద్దానం పల్లెల్లో ఇంటింటా ఉన్న జబ్బే. కిడ్నీలు. వారానికి రెండుసార్లు విశాఖ వెళ్ళి డయాలసిస్ చేయించుకు వస్తున్నారట. నేను దిగాల్సిన చోట దిగకుండా వాళ్ళతో ఆసుపత్రి దాకా వెళ్ళాను. ఆ రోజు ఎందుకు వెళ్ళానో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు.

మెషీన్ తిరుగుతోంది. తులసమ్మ టీ తేవడానికి కిందికి వెళ్ళింది. రింగులో తిన్న దెబ్బల వల్లే కిడ్నీలు పోయాయని ఊళ్ళో అంటున్నారని ఆయనే చెప్పాడు. "దెబ్బలు ఎరగనోళ్ళు మా వీధిలో ఏడుగురు పోనారు. నీళ్ళంటారు, మట్టంటారు, ఎవులికీ తెల్దు. కొట్టినోడెవుడో తెలకుండా దెబ్బ తినడం నాకిదే మొదలు" అన్నాడు.

అప్పుడు అడిగాను. "మాస్టారూ, ఆ దినం నా కంటికి ఏటీ అవనేదు. డాక్టరు సెప్పినాడు. నీకు తెలుసా?"

"తెలుసు. మీయమ్మ అప్పుడే సెప్పినాది."

నాలుగేళ్ళుగా ఆయనకి తెలుసు. అయినా ఒక్కసారి కూడా వచ్చి సమర్థించుకోలేదు, క్షమించమనీ అడగలేదు.

"నాను గెలుద్దును" అన్నాను.

"గెలుద్దువేమో."

"మరి మళ్ళీ అలగే అయితే?"

"మళ్ళీ ఇసిరేత్తాను." ఆయన కళ్ళు మూసుకునే చెప్పాడు. "నువ్వు కనబడతందని అబద్దమాడినావు. బాక్సరన్నాక ఆడతాది, నానూ ఆడినాను. నీ కన్ను పోనాదో ఉన్నాదో నాకెలగ తెలుత్తాది? తెలకపోతే ఇసిరీడమే. తెలిసీదాకా సూత్తే ఆలీసమైపోతాది, అమ్మీ."

ఆయన తనది సరైన పని అనలేదు. అది నాకు తర్వాత, చాలా తర్వాత తట్టింది. ఆ తువ్వాలు తప్పయి ఉండొచ్చని ఒప్పుకుంటూనే, మళ్ళీ అదే చేస్తానన్నాడు. తప్పు తన మీద వేసుకోవడానికి సిద్ధపడే నా వెనక నిలబడ్డాడు. తెర మీద చూసిన ఆ తెల్ల టీషర్టు మనిషి మాత్రం ఎవరిచేతా మాట పడి ఉండడు. ఆ రాత్రి అతని పని అతను సక్రమంగా చేసి ఉంటాడు.

ఆ తర్వాత పది నెలలు, సెలవు దొరికిన ప్రతిసారీ నేను వాళ్ళతో విశాఖ వెళ్ళాను. బాక్సింగ్ గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. కిటికీలోంచి జీడితోటలు, కొబ్బరితోటలు చూసుకుంటూ, ఎవరింట్లో ఎవరికి జబ్బు తేలిందో చెప్పుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఒక వానాకాలం ఆయన పోయాడు. పల్లెలో మనుషులు చాలామందే వచ్చారు. కోటు వేసుకుని, మిగతా జట్టుతో వరుసలో నిలబడ్డ ఆయన ఒలింపిక్స్ ఫోటో ఎవరో తెచ్చి పాడె దగ్గర పెట్టారు. అందులో ఆయన రెండు కళ్ళూ సూటిగా చూస్తున్నాయి. ఆ మనిషి నాకు తెలియదు.

తర్వాత నియమాలు మారాయి. ఒకప్పుడు డబ్బుకి ఆడినవాళ్ళు కూడా ఇప్పుడు కార్నర్‌లో నిలబడవచ్చు. నేను టెక్కలి కాలేజీలో వ్యాయామం చెబుతూ, పన్నెండు మంది ఆడపిల్లలకి బాక్సింగ్ నేర్పుతున్నాను. ఇన్నేళ్ళలో మూడుసార్లు బౌట్ ఆపించాను. మూడింట్లో ఒకటి బహుశా తప్పు. ఆ అమ్మాయి వాళ్ళమ్మ నందిగాం బస్సులో అందరి ముందూ నన్ను కడిగేసింది, దిగేదాకా విన్నాను. ఆ అమ్మాయి నాతో మాట్లాడదు. మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఇంకో ఏడాదికో పదేళ్ళకో మాట్లాడుతుందన్న ఆశ కూడా నేను పెట్టుకోలేదు.

ఇప్పటికీ ఎవరైనా ఒలింపిక్స్ ఆడిన బాక్సర్ ప్రొఫెషనల్ అయ్యాడని పేపర్లో పడితే, స్టాఫ్ రూమ్‌లో నా దగ్గరికి తెస్తారు. పైకొస్తాడా, మేడమ్, అని అడుగుతారు. నాకు తెలియదంటాను, నిజంగా తెలియదు. ఫోటోలో చేతులు పైకెత్తిన కుర్రవాణ్ణి నేను ఎక్కువసేపు చూడను. అంచున, సగం తెగిపోయి, భుజాన తువ్వాలుతో ఎవరో ఒకరు ఉంటారు. ఆయన ఆ కుర్రవాడి మనిషా, టిక్కెట్లు అమ్మినవాళ్ళ మనిషా అని చూస్తాను. కింద పేరేమైనా వేశారేమోనని వెతుకుతాను. ఎప్పుడూ వెయ్యరు.